హెచ్.ఓ.డి. మెచ్చిన పేపర్‌లో పీజీ విద్యార్థి లోపం చూపించాడు, ఇప్పుడేం చేయాలి?

కోస్తా జిల్లాలోని ఒక మెడికల్ కాలేజీలో జనరల్ మెడిసిన్ విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పనిచేస్తున్న పాఠకురాలు ఒకరు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఊరు, పేరు తెలిసిపోయే వివరాలు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాం.

వైద్య పరిశోధన పేపర్లను చదివి చర్చించుకునే జర్నల్ క్లబ్ ప్రతి గురువారం మధ్యాహ్నం జరుగుతుంది, రెండేళ్లుగా దాని బాధ్యత ఆమెదే. అంతకుముందు అదొక తంతుగా సాగేదట. పీజీ ఒకరు పేపర్ అబ్‌స్ట్రాక్ట్‌ను (మొదట్లో ఉండే సారాంశాన్ని) స్లైడ్ల మీదికి ఎక్కించి చదివేవారు, మిగిలినవారు ఫోన్లు చూసుకునేవారు, చివర్లో ఎవరో ఒకరు 'శాంపిల్ సైజు చిన్నది' అనేవారు, అందరూ టీ తాగి లేచేవారు. ఆమె ఆ పద్ధతి మార్చి, పేపర్‌లో ముగింపు వాక్యాన్ని కాకుండా పద్ధతులను, పట్టికలను పరీక్షించి చదవడం నేర్పించారు. ఈమధ్య సెకండియర్ పీజీ ఒకరు తమ హెచ్.ఓ.డి. (విభాగాధిపతి) యూనిట్‌లో కొత్తగా రాస్తున్న గుండె జబ్బు మందుకు ఆధారమైన పేపర్‌నే ఎంచుకున్నాడు. ఆ కాపీని మెడికల్ రిప్రజెంటేటివ్ తెచ్చి ఇచ్చారు. మరణం, గుండెపోటు, పక్షవాతం, ఛాతీ నొప్పితో ఆసుపత్రిలో చేరడం, ఈ నాలుగింటినీ కలిపి ఒకే ఫలితంగా లెక్కగట్టారనీ, తగ్గినట్టు కనిపించినదంతా నాలుగోదేననీ, మరణాల్లో తేడా లేదనీ అందరి ముందూ చెప్పాడు. అతను చెప్పింది నిజమే. హెచ్.ఓ.డి. ఆ రోజు ఏమీ అనలేదు. మర్నాడు రౌండ్స్‌లో పేషెంట్ మంచం పక్కన నిలబడి, 'ఏమయ్యా, నీ లెక్కలతో ఈయన ఆయాసం తగ్గిస్తావా? ముప్పై ఏళ్ల అనుభవం ఎందుకు మరి?' అన్నారు. ఆ విద్యార్థికి థీసిస్ గైడ్ కూడా ఆయనే. అప్పటినుంచి థీసిస్ కాగితాలు ఆయన టేబుల్ మీద కదలకుండా ఉన్నాయి. మిగిలిన పీజీలు జర్నల్ క్లబ్‌లో నోరు మెదపడం మానేశారు. ఒక్క విద్యార్థిని మాత్రం, 'అన్నీ కంపెనీ పేపర్లే మేడమ్, ఏదీ నమ్మక్కర్లేదు' అని ప్రతి పేపర్‌నూ కొట్టిపారేస్తోంది.

'ఇదంతా ఆపేసి పాత పద్ధతికే వెళ్లిపోవాలా? డీన్ గారికి చెప్పాలా? విభాగం బయట విడిగా నేర్పించాలా? పైగా నాకే స్టాటిస్టిక్స్ అంతంతమాత్రం. ఈ పనికి నేను తగినదాన్నేనా?' అని ఆమె అడుగుతున్నారు.

సమాధానం:

మీ ఉత్తరంలో బోధనకు సంబంధించిన ప్రశ్న ఒకటి, విభాగంలో పెద్దచిన్న సంబంధాలకు సంబంధించిన ప్రశ్న ఒకటి కలిసిపోయి ఉన్నాయి. రెండింటికీ ఒకే మందు వేయాలని చూస్తే రెండూ ముదురుతాయి. అన్నిటికన్నా ముందు ఆ విద్యార్థి సంగతి తేల్చుకోండి. జర్నల్ క్లబ్ ఒక నెల ఆగినా ఎవరికీ నష్టం లేదు కానీ, థీసిస్‌కు గడువు ఉంటుంది.

ఆ అబ్బాయి చేసింది మీరు నేర్పిన పనే. అందువల్ల ఆ భారం అతని మీద ఉండకూడదు. ఓపీ అయిపోయి గదిలో ఎవరూ లేని సమయం చూసుకుని మీరే హెచ్.ఓ.డి. గారిని కలవండి. ఆ పద్ధతి పెట్టింది మీరనీ, ఆ పేపర్‌కు సరేనన్నది మీరనీ, ఆయన వాడుతున్న మందు గురించిన పేపర్ కాబట్టి ముందుగా ఆయనకు చూపించి ఉండవలసిందనీ చెప్పండి. తర్వాత థీసిస్ చూడమని అడగండి. అక్కడ ఆ మందు మంచిదా కాదా అనే చర్చకు మాత్రం దిగవద్దు. దిగితే థీసిస్ పక్కకు పోయి, మాట గెలవడమే ముఖ్యమైపోతుంది. ఆ విద్యార్థిని కూడా వెళ్లి క్షమాపణ చెప్పమని ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. 'ముందుగా మీకు చూపించి ఉండాల్సింది సార్' అంటే నష్టం లేదు. 'నేను తప్పుగా చదివాను సార్' అనిపిస్తే మాత్రం, పట్టిక సరిగ్గా చదవడమే తప్పు అన్న పాఠం ఆ బ్యాచ్ మొత్తానికీ ఒక్కరోజులో అందుతుంది.

డీన్ దగ్గరికి వెళ్లే దారి ఉంది, కానీ దాని ఖరీదు తెలుసుకుని వెళ్లండి. డీన్ గారు మీ వైపు మాట్లాడినా, ఆ విద్యార్థి ఇంకా ఏడాదికి పైగా అదే యూనిట్‌లో పనిచేయాలి, అదే గైడ్ చేత సంతకాలు పెట్టించుకోవాలి. దేవుడు కరుణించినా పూజారి కరుణించాలి కదా. మీరు మాట్లాడిన తర్వాత కూడా థీసిస్ కదలకపోతే, అప్పుడు కో-గైడ్ ద్వారానో, కాలేజీలో పీజీ వ్యవహారాలు చూసే కమిటీ ద్వారానో థీసిస్ ఆలస్యం గురించి మాత్రమే లిఖితపూర్వకంగా అడగండి. ఆ కాగితంలో జర్నల్ క్లబ్ ప్రస్తావన రానివ్వకండి. ఆలస్యం రుజువు చేయదగిన విషయం, కోపం కాదు.

ఇక మీ హెచ్.ఓ.డి. గారి మాట. మంచం పక్కన ఒక విద్యార్థిని చిన్నబుచ్చడం తప్పే. అయినా ఆయన అన్నదానిలో సగం న్యాయం ఉంది. పరిశోధనల ఆధారంతో వైద్యం చేయాలనే ఆలోచనా విధానాన్ని (ఎవిడెన్స్ బేస్డ్ మెడిసిన్) కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడైన డేవిడ్ సాకెట్ 1996లో తన సహచరులతో కలిసి ఇచ్చిన నిర్వచనంలోనే, బయటి ఆధారాన్ని వైద్యుడి అనుభవంతో కలిపి వాడాలని ఉంది. అనుభవాన్ని పక్కకు నెట్టేయమని వాళ్లు చెప్పలేదు. రిప్రజెంటేటివ్ తెచ్చిన పేపర్ చదివి మందు మొదలుపెట్టిన ప్రతివారూ స్వార్థపరులు కారు. రోజుకు వందమందిని ఓపీలో చూసే మనిషికి ఎవరో ఒకరు పేపర్ చేతిలో పెడితే తప్ప చదివే తీరిక ఉండదు. ఆ లోటు పూడ్చగలిగేది మీ జర్నల్ క్లబ్బే. ఆయనకు అది కోర్టులా కనిపిస్తున్నంతకాలం మాత్రం అది ఆ పని చేయలేదు.

అందుకని, ఈ గదిలో ఉన్న ఎవరి ప్రిస్క్రిప్షన్‌నూ వేలెత్తి చూపని పేపర్లతో మళ్లీ మొదలుపెట్టమంటాను. నేనైతే కార్డియాక్ అరిథ్మియా సప్రెషన్ ట్రయల్‌ను ముందు పెడతాను. గుండెపోటు వచ్చినవారికి గుండెలో లయ తప్పిన అదనపు స్పందనలు ఎక్కువగా ఉంటే హఠాన్మరణం ముప్పు ఎక్కువ అని తెలుసు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ వంటి మందులు ఆ స్పందనలను అణచివేస్తాయని ఈసీజీలో కళ్లకు కనబడుతోంది. కాబట్టి మందు ఇస్తే మరణాలు తగ్గాలి. తర్కంలో ఎక్కడా లోపం కనిపించదు, లక్షల మందికి ఆ లెక్కనే మందులు రాశారు. 1991లో వచ్చిన నివేదికలో, సగటున పది నెలల్లో, మందు తీసుకున్న 755 మందిలో 63 మంది మరణించారు, డమ్మీ మాత్ర తీసుకున్న 743 మందిలో 26 మంది మరణించారు. ఈ రెండు సంఖ్యలనూ బోర్డు మీద రాసి, కాసేపు ఎవరూ మాట్లాడకుండా ఉంచండి. ఈసీజీ బాగుపడింది, మనిషి పోయాడు. ఇక్కడ పొరబడింది ఒక వ్యక్తి కాదు, ఒక తరం గుండె వైద్యులంతా నిజాయితీగానే పొరబడ్డారు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మీ హెచ్.ఓ.డి. గారు వైద్యం నేర్చుకుంటున్న రోజుల్లో జరిగిన మార్పు ఇది. అప్పట్లో వార్డులో ఏం వాడేవారో, ఎప్పుడు మానేశారో చెప్పమని ఆయన్నే అడగండి. ఆయన అనుభవానికి ఆ గదిలో గౌరవమైన చోటు దొరుకుతుంది. పీజీలకేమో, అనుభవం ఒక్కటే సరిపోని సందర్భం ఎలా ఉంటుందో పెద్దాయన నోటి నుంచే తెలుస్తుంది.

నాలుగింటిని కలిపిన ఫలితాల సంగతి కొన్ని వారాల తర్వాత, వేరే మందు పేపర్‌తో, తీరిగ్గా నేర్పించవచ్చు. అందరి చేతికీ ఫలితాల పట్టిక ఒక్కటే ఇచ్చి, అబ్‌స్ట్రాక్ట్ ఇవ్వకుండా, కలిపిన వరుస మీద కాగితం ముక్క కప్పి, విడివిడి వరుసలను ఒక్కొక్కటిగా వేలితో చూపిస్తూ చదివించండి. మరణం వరుసలో ఎంత తేడా, ఆసుపత్రిలో చేరిన వరుసలో ఎంత, ఆసుపత్రిలో చేర్చాలా వద్దా అని నిర్ణయించింది ఎవరు, ఆ డాక్టర్‌కు పేషెంట్ ఏ మందు మీద ఉన్నాడో తెలుసా? ఆఖరి ప్రశ్న దగ్గర సాధారణంగా గదిలో కదలిక వస్తుంది, ఎందుకంటే మరణాన్ని ఎవరూ తమ ఇష్టప్రకారం నిర్ణయించలేరు, అడ్మిషన్ అలా కాదని మన పీజీలకు నైట్ డ్యూటీల వల్ల బాగా తెలుసు.

విడిగా, విభాగం బయట నేర్పించే దారి గురించి అడిగారు. ఫార్మకాలజీ వారితోనో, కమ్యూనిటీ మెడిసిన్ వారితోనో కలిసి సాయంత్రం లైబ్రరీలో కూర్చోవచ్చు, ఎవరి కోపమూ తగలదు, విద్యార్థులు స్వేచ్ఛగా మాట్లాడతారు. దాని పరిమితి కూడా తెలిసినదే. 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కుమారస్వామి, ఖాన్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను సమీక్షించారు. విడి తరగతులుగా నేర్పిస్తే పీజీల పరిజ్ఞానం మాత్రమే పెరిగిందనీ, పేషెంట్ల వైద్యంతో ముడిపెట్టి నేర్పించినప్పుడే నైపుణ్యం, వైఖరి, వార్డులో ప్రవర్తన కూడా మారాయనీ వారు తేల్చారు. అంటే లైబ్రరీ తరగతి వల్ల మీ పీజీలు పరీక్షలో మంచి జవాబు రాస్తారు, మర్నాడు వార్డులో మాత్రం యూనిట్‌లో అందరూ రాసేదే రాస్తారు. విభాగంలో వాతావరణం చల్లబడేవరకు ఇది మంచి ఆశ్రయమే. అక్కడే స్థిరపడిపోతే మాత్రం మీరు అనుకున్న మార్పు రాదు.

పాత తంతుకు తిరిగి వెళ్లడం కూడా ఒక ఎంపికే. దాన్ని పిరికితనం అని నేననను, మీ ఉద్యోగం, మీ బదిలీలు మీకు తెలుసు. అయితే ఇప్పుడు ఆపేస్తే, ఆ అబ్బాయి మాట్లాడినందుకే ఆగిపోయిందని అందరికీ అర్థమవుతుంది. ఆపదలచుకుంటే ఆ థీసిస్ సంతకం అయ్యాక ఆపండి.

నాకు ఎక్కువ నచ్చే దారి ఇంకొకటి ఉంది. పేపర్ ఎంపికను విద్యార్థి చేతిలోంచి తీసి వార్డుకు అప్పగించడం. సోమవారం రౌండ్స్‌లో వచ్చిన సందేహాల్లో ఒకదాన్ని హెచ్.ఓ.డి. గారినే ఎంచమనండి. ఉదాహరణకు, ఆరవ మంచంలో ఉన్న అరవై ఎనిమిదేళ్ల ఆయనకు షుగర్ ఉంది, కిడ్నీ పనితీరు సగమే ఉంది, నెలకు మందులకు ఇంత కంటే పెట్టలేడు, ఈయనకు ఫలానా మాత్ర చేరిస్తే ఏమైనా మేలుందా అన్నది ప్రశ్న. గురువారానికి విద్యార్థి దానికి జవాబిచ్చే పేపర్ వెతికి తెస్తాడు. అప్పుడు చర్చ 'ఈ పేపర్‌లో తప్పులేమిటి' అన్నదాని మీద కాకుండా, 'ఈ పేపర్‌లో చేర్చుకున్న రోగులు మన ఆరవ మంచం ఆయనలాంటివారేనా' అన్నదాని మీద నడుస్తుంది. ప్రశ్న హెచ్.ఓ.డి. గారిది కాబట్టి జవాబు ఆయనకు వ్యతిరేకంగా వచ్చినా అవమానం అనిపించదు. దీనిలోనూ చిక్కు లేకపోలేదు. ఇబ్బంది పెట్టే ప్రశ్నలు ఆయన ఎప్పటికీ ఎంచకపోవచ్చు, కంపెనీ మందుల సంగతి చర్చకే రాకపోవచ్చు. కొంతకాలం ఆ లోటు భరించి, విద్యార్థులకు చేయి తిరిగాక నెలలో ఒక ప్రశ్న వారి వంతుగా అడిగి పుచ్చుకోవచ్చు.

'ఏదీ నమ్మక్కర్లేదు' అంటున్న ఆ అమ్మాయిని తేలిగ్గా తీసుకోకండి. నిజం చెప్పాలంటే నాకు హెచ్.ఓ.డి. గారి కన్నా ఆ అమ్మాయి గురించే ఎక్కువ ఆందోళనగా ఉంది, ఎందుకంటే ఆమె ఇంకా ముప్పై ఏళ్లు వైద్యం చేస్తుంది. లోపాలు వెతకడం నేర్పి, లోపాలు ఉన్నా ఎప్పుడు నమ్మాలో నేర్పకపోతే వచ్చే ఫలితం ఇదే. నమ్మకపోవడానికి కూడా ప్రాణాల ఖరీదు ఉంటుందని ఆమెకు చూపించాలి. గుండెపోటులో గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ సంగతి తీసుకోండి. 1992లో జోసెఫ్ లౌ, ఆయన సహచరులు పాత ప్రయోగాలను ఏ ఏడాదికి ఆ ఏడాది కలుపుకుంటూ లెక్కవేస్తే, 1973 నాటికే, ఎనిమిది ప్రయోగాల్లో 2,432 మందితోనే, ఆ మందు ప్రాణాలు కాపాడుతుందని తేలిపోయింది. ఆ మందు విస్తృతంగా వాడుకలోకి వచ్చింది మాత్రం 1980ల చివర్లో, పెద్ద ప్రయోగాలు వచ్చాకే. మధ్యలోని ఆ పదిహేనేళ్లలో ఒక్కో చిన్న ప్రయోగాన్నీ 'శాంపిల్ సైజు చిన్నది' అని పక్కన పెట్టడం ఎంత సులువో ఊహించండి. మీ పాత జర్నల్ క్లబ్‌లో టీకి ముందు వినిపించే మాట అదే.

ఆమెకు బాగున్న పేపర్‌ను కూడా చదివించండి. 1956లో మద్రాసులో మొదలైన క్షయ ప్రయోగం కన్నా మంచిది నాకు తోచడం లేదు. 193 మంది క్షయ రోగులను యాదృచ్ఛికంగా రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు శానిటోరియంలోను (క్షయ రోగులను ఉంచి వైద్యం చేసే ఆసుపత్రి), రెండో గుంపుకు వారి ఇళ్లలోను ఒకే మందులు ఇచ్చారు. ఇళ్లు ఇరుకు, తిండి అంతంతమాత్రం. అయినా ఏడాది తర్వాత ఫలితాలు శానిటోరియంకు దగ్గరగానే వచ్చాయి, ఇంట్లోవారికి జబ్బు సోకడం కూడా పెరగలేదు. 1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయిన ఆ పేపర్ క్షయ వైద్యాన్ని ప్రపంచమంతటా శానిటోరియంల నుంచి ఇళ్లకు తెచ్చింది. భారీ గణితం అక్కరలేకుండానే అర్థమవుతుంది, అందులోని రోగులు మన ఓపీకి వచ్చేవారిలాగే ఉంటారు. 'దీన్ని ఎందుకు నమ్మవచ్చో కారణాలు చెప్పు' అని ఆ అమ్మాయిని అడగండి. తప్పు పట్టడానికి కావలసిన దానికన్నా ఎక్కువ చదువు దీనికి కావాలి.

చివరిగా మీ స్టాటిస్టిక్స్ భయం. వార్డు నిర్ణయాలకు కావలసిన లెక్క చాలావరకు హైస్కూల్ లెక్కే. పశ్చిమ స్కాట్లాండ్‌లో కొలెస్టరాల్ ఎక్కువున్న మగవారిపై జరిగి 1995లో వెలువడిన ప్రవాస్టాటిన్ ప్రయోగాన్ని చూడండి. గుండెపోటు, గుండెజబ్బు మరణాలు 31 శాతం తగ్గాయని అందరికీ గుర్తుండిపోయింది. అసలు సంఖ్యలు ఇవి: డమ్మీ మాత్ర తీసుకున్న 3,293 మందిలో 248 మందికి, మందు తీసుకున్న 3,302 మందిలో 174 మందికి. అంటే సుమారు ఐదేళ్లలో వందకు ఏడున్నర మంది నుంచి ఐదుంబావు మందికి తగ్గింది. వందమందికి ఐదేళ్లు మందు ఇస్తే ఇద్దరు ముగ్గురికి మేలు జరుగుతుంది. 31 శాతం అన్నదీ నిజమే, వందకు రెండు చిల్లర అన్నదీ నిజమే. కంపెనీ కరపత్రంలో మొదటిది ఉంటుంది, పేషెంట్‌కు చెప్పవలసింది రెండోది. ఈ భాగహారం ప్రతి గురువారం బోర్డు మీద ఒక్కసారి చేయించినా సగం పని అయినట్టే.

రోగులను చిన్న గుంపులుగా విడదీసి ఫలితం చూసే ఉపవర్గాల విశ్లేషణ సంగతికొస్తే, పదిహేడు వేలమందికి పైగా రోగులతో 1988లో వచ్చిన ఐసిస్-2 ప్రయోగం చాలు. గుండెపోటులో ఆస్పిరిన్ ప్రాణాలు కాపాడుతుందని తేల్చిన ఆ ప్రయోగంలోనే, రోగులను పుట్టినతేదీ ప్రకారం రాశులుగా విడదీస్తే, మిథున, తులా రాశులవారికి ఆస్పిరిన్ పనిచేయనట్టు వచ్చింది. చిన్న ముక్కలుగా కోసి చూస్తే యాదృచ్ఛికంగా ఏదైనా కనిపిస్తుందని చూపడానికి పరిశోధకులు కావాలనే చేసిన పని అది. (అది పాశ్చాత్యుల సూర్యరాశి, మన జన్మరాశి కాదు. ఎవరో ఒకరు ఆ సందేహం తప్పక లేవదీస్తారు.) నవ్వులు ఆగాక, 'మధుమేహం ఉన్న ఆడవారిలో మాత్రం బాగా పనిచేసింది' అనే వాక్యం ఏదైనా పేపర్‌లో కనబడితే ఇకమీదట ఎలా చదవాలో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంతకు మించిన లెక్కలు వచ్చినప్పుడు తెలియదని అక్కడే చెప్పి, కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలోని స్టాటిస్టీషియన్‌ను నెలకొకసారి పిలవండి. ఆ వారం పేపర్‌ను రెండు రోజుల ముందే ఆయనకు పంపండి, హెచ్.ఓ.డి. గారికి కూడా ఒక కాపీ పంపండి.